ఏనుగు పిల్ల నిద్రలేచే దాకా

మొన్న చలికాలంలో మేరీరత్నం బిలాస్‌పూర్ నుంచి వచ్చి ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలోని మా ఇంట్లో నాలుగు రోజులు ఉంది. ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులే. పొద్దున్నే ఎండలో కుర్చీలు వేసుకుని, కర్పూరం కలిపిన కొబ్బరినూనె కాళ్ళకు రాసుకుంటూ కూర్చునేవాళ్ళం. అలా కూర్చున్న మమ్మల్ని చూసి, ఈ ఇద్దరూ ఒకప్పుడు కాలేజీ హాకీ జట్టులో ఆడారనీ, ఆడడానికి ఆఫ్రికా దాకా వెళ్ళారనీ మా మనవరాలు నమ్మలేకపోయింది. మేరీ దానికి ఆ కథ చెప్పడం మొదలుపెట్టింది. చెబుతూ చెబుతూ ఏనుగుల దగ్గరికి వచ్చేసరికి పన్నెండు ఏనుగులంది. నేను పిల్ల కాక తొమ్మిదన్నాను. ఎదురు జట్టు మీద ముందు గోల్ వేసింది తానేనంది. అది మాత్రం నిజమే. ఇద్దరం ఇంకా కాస్త ముసలివాళ్ళమైతే ఆ ఏనుగులు ఇరవై అయినా ఆశ్చర్యం లేదు. అందుకని నాకు గుర్తున్నది గుర్తున్నట్టు రాసి పెడదామనుకున్నాను.

అప్పుడు మేం పూరీ గేట్‌లో రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్ళం. నాన్న రైల్వే ఆఫీసులో గుమస్తా. పొద్దున వర్క్‌షాపు సైరన్ మోగకముందే నాయనమ్మ లేచి బొగ్గుల కుంపటి బయటపెట్టి అంటించేది. లైను మొత్తంలో ఇంటింటి ముందూ ఒక కుంపటి, ఒక్కో పొగ. ఆ పొగ వాసనలోనే చింతపండు నానిన వాసన, పక్కింటి బెంగాలీల ఆవనూనె ఘాటు, నాన్న గడ్డం గీసుకున్నాక రాసుకునే పటిక వాసన కలిసిపోయేవి. నాయనమ్మ బొబ్బిలి వైపు నుంచి పెళ్ళయి వచ్చింది. యాభై ఏళ్ళు ఖరగ్‌పూర్‌లో ఉన్నా ఆమె ఎరిగిన ఊరు మా లైనూ, గుడీ, గోల్‌బజారూ, స్టేషనూ, అంతే. బెంగాలీ మాత్రం కూరలమ్మే వాళ్ళతో పోట్లాడుతూ నేర్చుకుంది. అందుకే ఆమె బెంగాలీలో ఎప్పుడూ బేరం ఆడుతున్నట్టే ఉండేది. మేరీరత్నం వాళ్ళది మా వెనక లైను. వాళ్ళమ్మ రైల్వే ఆసుపత్రిలో నర్సు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక వాళ్ళింట్లో చేపలు వేగే వాసన మా పెరట్లోకి వచ్చేది. నాయనమ్మ ముక్కు మూసుకుని తలుపు వేసేది గానీ, మేరీ వస్తే మాత్రం నాకంటే ముందు దానికే ఫలహారం పెట్టేది.

సాయంత్రం మేమిద్దరం హాకీ కర్రలు సైకిళ్ళకు కట్టుకుని గ్రౌండ్‌కి వెళ్ళేవాళ్ళం. ఎర్రటి మొరం నేల. పడితే మోకాలు చెక్కుకుపోయేది. ఆ మట్టి రంగు ఏ సబ్బుకీ లొంగేది కాదు. మా లంగాలూ, మేజోళ్ళూ, చివరికి మా మడమలు కూడా ఎర్రగానే ఉండేవి. మేరీ ముందు వరసలో ఆడేది, జట్టుకి కెప్టెన్. నేను గోల్‌కీపర్‌ని. కోచ్ సంతోష్ దా ఒకప్పుడు రైల్వే జట్టులో ఆడిన మనిషి. బెంగాలీ పద్ధతిలో పెద్దవాళ్ళని మగవాళ్ళయితే దా అనీ, ఆడవాళ్ళయితే దీ అనీ పిలిచేవాళ్ళం. నా కాళ్ళు మంచివనీ, చేతులు మంచివనీ, ఒక్క కళ్ళే పనికిరావనీ అనేవాడు. ఎందుకంటే బంతి గట్టిగా వచ్చేటప్పుడు నేను కళ్ళు మూసుకునేదాన్ని. మూసుకుంటున్నానని నాకే తెలిసేది కాదు. బంతి వెళ్ళిపోయాక తెరిస్తే, అది వెనక వలలో ఉండేది.

కాలేజీలో నేను చదివింది జువాలజీ. ఆ పాఠాలు ప్రతిమా దీ చెప్పేవారు. కాలేజీలో అందరూ భయపడే మనిషి. తెల్ల చీర, నల్ల అంచు, చేతికి మగవాళ్ళ గడియారం. ఒక్క చేత్తో, వెనక్కి చూడకుండా, బోర్డు మీద రంగు సుద్దలతో జిరాఫీ మెడ ఎముకలన్నీ గీసేసేవారు. నాకు బొమ్మలు రావు. నా రికార్డు పుస్తకంలో కప్ప కింద ఆవిడ ఎర్ర సిరాతో, దీన్ని నీళ్ళల్లో వదిలితే మునిగిపోతుంది అని రాశారు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. తమ్ముళ్ళను చదివించడంలోనే వయసు గడిచిందని అందరూ చెప్పుకునేవాళ్ళు. నేనెప్పుడూ ఆవిడ నవ్వగా చూడలేదు.

ఇలా ఉండగా, నైరోబీలో మన దేశం వాళ్ళు నడిపే ఒక క్లబ్బు నుంచి పిలుపు వచ్చింది. సంతోష్ దాతో కలిసి ఆడిన పాత స్నేహితుడొకడు అక్కడ స్థిరపడ్డాడట. వాళ్ళ పండగకు ఏదో పెద్ద ఊరి అమ్మాయిల జట్టు రావాల్సి ఉండి, రాలేమని చెప్పిందట. ఆ పిలుపు తిరిగి తిరిగి మా దగ్గరికి చేరింది. అమ్మాయిలు కాబట్టి ఒక లేడీ లెక్చరర్ వెంట వెళ్ళాలన్నారు. ఎవరూ ముందుకు రాకపోతే, స్టాఫ్ రూములో మూల కూర్చున్న ప్రతిమా దీ లేచి, నేను వెళ్తానన్నారట. హాకీలో ఎంతమంది ఆడతారో కూడా ఆవిడకు తెలియదని సంతోష్ దా తలపట్టుకున్నాడు.

మా ఇంట్లో మాట ముందుకు సాగలేదు. నాన్న పేపరు మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. అమ్మ నాన్న ముఖం చూసింది. నాయనమ్మ మాత్రం తేల్చేసింది. సముద్రం అవతలికి, అడవి జంతువుల మధ్యకి ఆడపిల్లని పంపడానికి వీల్లేదంది. వారం తర్వాత, ఒక సాయంత్రం, ప్రతిమా దీ రిక్షా దిగి మా ఇంటి ముందు నిలబడ్డారు. నాయనమ్మ కుంపటి దగ్గర వంకాయ బజ్జీలు వేస్తోంది. ఆవిడ కుర్చీ వద్దని, నాయనమ్మ పక్కనే పీట మీద కూర్చున్నారు. ఏ ఊరు వెళ్తామో, ఎవరింట్లో ఉంటామో బెంగాలీలో మెల్లగా చెప్పారు. నాయనమ్మ అన్నీ విని, తనకొచ్చిన బెంగాలీలోకి తెలుగు కలిపి ఒక్కటే అడిగింది.

"ఆ ఏనుగులూ అవీ నువ్వు సూసినావేటి, దీదీ?"

ప్రతిమా దీ కుంపటి పొగకు మసకబారిన కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. తర్వాత అన్నారు, "లేదు మాసిమా. ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద గీస్తున్నాను. అడవిలో తిరిగేదాన్ని ఒక్కదాన్నీ చూడలేదు."

నాయనమ్మ బజ్జీలు తిరగేసింది. రెండు తీసి ఆకులో పెట్టి ఆవిడ చేతికిచ్చింది. "మరైతే ఎల్లండి," అంది. "దీన్నీ తీస్కెల్లండి." నాన్న పేపరు పక్కన పెట్టి లోపలికి వెళ్ళి, పాస్‌పోర్టుకు కావలసిన నా పుట్టినతేదీ కాగితం కోసం ట్రంకు పెట్టె తెరిచాడు.

బొంబాయి దాకా రైలు, అక్కణ్ణుంచి విమానం. విమానం పైకి లేచేటప్పుడు మేరీ ఒక చేత్తో బైబిలూ, ఇంకో చేత్తో నా మణికట్టూ పట్టుకుంది. ఆ వేలి గుర్తులు నైరోబీ దాకా నా చేతి మీద ఉన్నాయి. అక్కడ మమ్మల్ని ఇద్దరేసి చొప్పున ఇళ్ళల్లో ఉంచారు. మేమిద్దరం ఒక గుజరాతీ పెద్దావిడ ఇంట్లో. పప్పులో బెల్లం వేసేది. అది తినలేక, నాయనమ్మ కట్టిచ్చిన ఆవకాయతో నాలుగు రోజులు నెట్టుకొచ్చాం. ఐదో రోజు చూస్తే ఆవకాయ జాడీ ఆ పెద్దావిడ గదిలో ఉంది. మమ్మల్ని తిప్పే వ్యాన్ డ్రైవర్ పేరు ముతువా. నడివయసు మనిషి, నవ్వు కళ్ళలోనే గానీ పెదాల మీద కనపడేది కాదు. మన వాళ్ళ దగ్గర చాలాకాలం పనిచేయడం వల్ల హిందీ వచ్చు. వాళ్ళ భాషలోనూ చాయ్‌ని చాయ్ అంటారనీ, బండిని గాడీ అన్నట్టే గారీ అంటారనీ, దుకాణం దుకా అనీ తెలిసి మేం పొంగిపోయాం. దారిలో ఏది కనపడినా దాని పేరు అడిగి, ఇదీ మనదే అని కేకలు వేసేవాళ్ళం.

ఆట సంగతి మాత్రం చెప్పుకునేది కాదు. అక్కడి మైదానాలన్నీ పచ్చగడ్డి. మా మొరం నేల మీద జారిపోయే బంతి ఆ గడ్డిలో ఆగిపోయేది. మొదటి ఆట ఐదు సున్నా, రెండో ఆట నాలుగు సున్నా. ఆ తొమ్మిది గోల్స్‌లో నేను కళ్ళతో చూసినవి రెండో మూడో. మేం ఒక్క గోల్ కూడా వేయలేదు. మా కోసం పిల్లాపాపలతో వచ్చి, మన దేశం జట్టని చప్పట్లు కొట్టిన వాళ్ళు రెండో ఆట తర్వాత మమ్మల్ని ఓదార్చడం మొదలుపెట్టారు. ఓదార్పు ఓటమి కంటే కష్టంగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఇంకొక్క ఆట మిగిలింది. ఒక్క గోల్ అయినా వేయకుండా ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫామ్ మీద ఎలా దిగుతామని మేరీ అన్నం మానేసింది.

ఆ మధ్యలో ఒకరోజు నైరోబీ పక్కనే ఉన్న అడవికి తీసుకెళ్ళారు. వెనక ఊళ్ళో మేడలు కనిపిస్తూనే ఉన్నాయి, ముందు జీబ్రాలు మేస్తున్నాయి. ఒక నీటి గుంట దగ్గర జిరాఫీ వచ్చి నిలబడింది. నీళ్ళు తాగాలి, మెడ అందడం లేదు. ముందు కాళ్ళు కొంచెం కొంచెంగా పక్కలకు జరుపుకుంటూ, జరుపుకుంటూ, చివరికి వంగి మూతి ముంచింది. నీళ్ళల్లో కాళ్ళు తడవకుండా చీర ఎత్తిపట్టుకుని వంగే పెద్దింటి ఇల్లాలిలా ఉంది. మాకు నవ్వాగలేదు. వెనక్కి తిరిగి చూస్తే ప్రతిమా దీ కూడా నవ్వుతున్నారు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ళలోంచి నీళ్ళు కారేలా నవ్వుతున్నారు. ఆవిడ పళ్ళు కొంచెం ఎగుడుదిగుడుగా ఉంటాయని మూడేళ్ళ శిష్యరికంలో అప్పుడే చూశాం.

మూడో ఆట వోయి అనే రైల్వే జంక్షన్‌లో, మొంబాసా నుంచి వచ్చే జట్టుతో, సాయంత్రం నాలుగింటికి. సంతోష్ దా కర్రలూ సామానూ తీసుకుని ముందే రైల్లో వెళ్ళాడు. మేం ప్రతిమా దీతో కలిసి ముతువా వ్యాన్‌లో బయలుదేరి, దారిలో త్సావో అడవిలో ఒక రాత్రి ఉండి, మర్నాడు మధ్యాహ్నానికల్లా ఊరు చేరాలని ఏర్పాటు. అడవిలోకి మలుపు తిరగగానే వ్యాన్‌లో అందరం ఒక్కసారి కిటికీలకు అతుక్కుపోయాం. నేల ఎర్రగా ఉంది. మా గ్రౌండ్ ఎరుపే. చెట్ల మొదళ్ళు ఎర్రగా, చీమల పుట్టలు ఎర్రగా. మర్నాడు ఆ మట్టిలోంచి లేచి నడిచొచ్చినట్టు ఏనుగులు కనపడితే అవీ ఎర్రగానే ఉన్నాయి. ఒంటి నిండా ఆ దుమ్ము పోసుకోవడం వల్ల ఆ రంగని ముతువా చెప్పాడు. ఇరవై ఏళ్ళుగా బూడిద రంగు సుద్దతో గీశానే అని ప్రతిమా దీ తనలో తాను అనుకున్నారు.

అవి మా దారికి అడ్డంగా దాటుతున్నాయి. ముతువా ఇంజన్ ఆపేశాడు. తొమ్మిది పెద్దవి, ఒక పిల్ల. తొమ్మిదీ దాటేవే. కానీ పిల్ల సరిగ్గా దారి మధ్యకి వచ్చి, మోకాళ్ళ మీద కూలబడి, పక్కకు ఒరిగి, ఆ మెత్తటి దుమ్ములో పడుకుని నిద్రపోయింది. తల్లి దాని మీద నీడ పడేట్టు వచ్చి నిలబడింది. మిగతావి వెనక్కి తిరిగి వచ్చి చుట్టూ నిలబడ్డాయి. రెండు మా వ్యాన్ వెనక్కి కూడా వెళ్ళాయి. ముందుకు దారి లేదు, వెనక్కి లేదు.

"పిల్ల లేచే దాకా మనం ఇక్కడే," అన్నాడు ముతువా. "హారన్ కొడితే తల్లి ఊరుకోదు. మాట్లాడకండి, లేవకండి."

అప్పుడు పన్నెండు దాటింది. ప్రతిమా దీ గడియారం మేమంతా చూస్తూనే ఉన్నాం. ఒంటిగంట అయింది, ఒంటిగంటన్నర దాటింది. అక్కడి నుంచి ఊరికి రెండు గంటల దారి. సమయానికి చేరకపోతే ఆడకుండానే ఓడినట్టు రాస్తారు. మేరీ కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. నేను ఆకలికి ఆగలేక, నాయనమ్మ ఆవకాయతో పాటు కట్టిచ్చిన సున్నుండల డబ్బా తెరిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కిటికీ అద్దం సగం దించి ఉంది. మూత పెట్టాలన్న ఆలోచన నాకు రాలేదు.

పెద్ద ఏనుగొకటి మా వైపు నడిచొచ్చింది. దాని అడుగుల చప్పుడు ఏమీ లేదు, అదే భయం. కిటికీ నిండా ఎర్రటి ముడతల చర్మం. తడిసిన గడ్డి వాసన, పేడ వాసన, కొత్త గోనెసంచి వాసన. తొండం కిటికీలోంచి లోపలికి వచ్చి నా ఒళ్ళోకి దిగింది. నేను నా అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నాను. నా పక్కనే ఉన్న ప్రతిమా దీ నా మోచేతి మీద చెయ్యి వేశారు. వరలక్ష్మి అన్న నా పేరు బెంగాలీ నోట ఎప్పుడూ బొరోలొఖ్ఖీ అయ్యేది.

"బొరోలొఖ్ఖీ, కళ్ళు తెరువు," అన్నారు చెవిలో. "తొండం చివర చూడు. రెండు వేళ్ళున్నాయి. మన ఏనుగుకి ఒకటే. ఇంత దగ్గరగా మళ్ళీ మనకి ఎవరు చూపిస్తారు?"

ఆవిడ గొంతులో భయం లేదు. పండగ రోజు పిల్లల గొంతులా ఉంది. నేను కళ్ళు తెరిచాను. నిజంగా రెండు వేళ్ళు. తడిగా, గులాబీ రంగుగా, చుట్టూ పొట్టి వెంట్రుకలతో. అవి డబ్బా అంచును తడిమాయి. సున్నుండను తాకాయి. ఒక్కసారి గాలి వదిలింది. మినప్పిండి లేచి నా ముఖం మీద, ప్రతిమా దీ కళ్ళద్దాల మీద, మేరీ జుట్టులో పడింది. తొండం వెనక్కి వెళ్ళిపోయింది. ఏనుగు తిరిగి, తీరుబడిగా, తన వాళ్ళ దగ్గరికి నడిచింది. ఇంకో పావుగంటకు పిల్ల లేచి, తల్లి కాళ్ళ మధ్య దూరి, అన్నీ కలిసి పొదల్లోకి వెళ్ళాయి. ముతువా సీటుకి తల ఆనించి చాలాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత నా ఒళ్ళో డబ్బా చూసి, చేయి చాపి తీసుకుని మూత పెట్టి, తన కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. అదే తిట్టు.

వోయి చేరేసరికి నాలుగుకు ఐదు నిమిషాలు. సంతోష్ దా గేటు దగ్గర తెల్లబోయిన ముఖంతో నిలబడి ఉన్నాడు. వ్యాన్‌లోనే మేజోళ్ళు వేసుకున్నాం. దిగి చూస్తే మైదానంలో గడ్డి పోచ లేదు. ఎర్ర మొరం. అవతల పట్టాల మీద ఇంజను షంటింగ్ చేస్తోంది. మేరీ వంగి గుప్పెడు మట్టి తీసి నలిపి చూసి, సంతోష్ దా అందించిన కర్ర భుజాన వేసుకుని నా వైపు చూసి నవ్వింది. ఆట మొదలైన కాసేపటికే అది ముగ్గుర్ని దాటుకుంటూ వెళ్ళి గోల్ వేసింది. మైదానం చుట్టూ కూర్చున్న జనం, మా వాళ్ళూ వాళ్ళ వాళ్ళూ అని లేకుండా, లేచి అరిచారు. తర్వాత వాళ్ళొకటి వేశారు. అది నేను పూర్తిగా, కళ్ళు తెరిచి, చూశాను. ఆపలేకపోయాను గానీ చూశాను. చూస్తే బంతి ఎటు వస్తోందో తెలుస్తుందన్నది ఇంత సులువైన సంగతా అని నాకే సిగ్గేసింది. ఆ తర్వాత ఏడెనిమిది బంతులు కాళ్ళతో, చేతులతో, ఒకటి భుజంతో ఆపాను. చివర్లో మా ఒడియా అమ్మాయి ఒకతె రెండో గోల్ వేసింది. ఈల వేయగానే, హాకీలో ఎంతమంది ఆడతారో తెలియని ప్రతిమా దీ చెప్పులు వదిలేసి, తెల్లచీర ఎర్రగా అవుతున్నా చూసుకోకుండా, మైదానంలోకి పరిగెత్తుకొచ్చారు. సంతోష్ దా నా దగ్గరికి వచ్చి రెండు కళ్ళనూ మార్చి మార్చి చూసి, ఠీక్ హై అని మాత్రం అన్నాడు.

ఖరగ్‌పూర్‌లో దిగాక లైన్లో అందరూ అడిగింది ఒకటే, సింహాన్ని చూశావా అని. మేం సింహాన్ని చూడలేదు. ఆ మాట వినగానే సగంమంది ఆసక్తి పోయి ఇళ్ళల్లోకి వెళ్ళిపోయారు. నాయనమ్మ అడిగింది మాత్రం వేరు. ఏనుగు తన సున్నుండ తిన్నదా లేదా అని. వాసన చూసి వదిలేసిందంటే చిన్నబుచ్చుకుంది. "నెయ్యి సాల్లేదేమోనే," అంది. రెండు రోజులు అదే మనసులో పెట్టుకుంది. నాన్న ఏమీ అడగలేదు. రాత్రి భోజనాల దగ్గర నేను అమ్మకి చెబుతుంటే, ఆయన తినడం అయిపోయినా చెయ్యి ఎండిపోయేదాకా లేవకుండా కూర్చున్నాడు.

ఇప్పుడు మా మనవరాలు వేలితో నొక్కి ఏ జంతువు కావాలంటే ఆ జంతువును చూస్తుంది. దాన్ని తప్పు పట్టను. అది నాకంటే ఎక్కువ ఎరుగును. ఏనుగు తొండంలో ఎన్ని వేల కండరాలున్నాయో చెబుతుంది. మాకు అప్పుడు తెలిసింది చాలా కొంచెం. కానీ ఆ కొంచెం కోసం ఇల్లూ, లైనూ, కాలేజీ, ఒక్కొక్కళ్ళూ ఒక్కో చెయ్యి వేసి మమ్మల్ని పైకెత్తి గోడ అవతల చూడనిచ్చారు. వెళ్ళిన వాళ్ళం పదిహేనుమందిమే. వచ్చాక వినని ఇల్లు మాత్రం పూరీ గేట్‌లో లేదు. ఇప్పుడు ఎవరి తెర వాళ్ళకుంది, అంత దూరం వెళ్ళి వచ్చి చెప్పేవాళ్ళూ లేరు, చెబితే చెయ్యి ఎండేదాకా వినేవాళ్ళూ లేరు. ఏది మేలంటే చెప్పలేను. మోకాళ్ళు బాగున్న రోజులే మేలనిపిస్తుంది.

ప్రతిమా దీ ఆ ఏడాది నుంచి దసరా పూజల సెలవుల్లో ఇంట్లో ఉండలేదు. రిటైరయ్యే దాకా ప్రతి ఏడూ పిల్లల్ని వెంటేసుకుని ఏదో ఒక అడవికి బయలుదేరేవారు. మొదటిసారి ఒడిశాలోని సిమ్లీపాల్. రైల్లో బాలాసోర్ దాకా, అక్కణ్ణుంచి అద్దె జీపుల్లో. నేనూ మేరీ సాయానికి వెళ్తున్నామని తెలిసి, నాయనమ్మ తన దుప్పటీ చెంబూ మూట కట్టుకుని గుమ్మంలో కూర్చుంది. ఎవరు చెప్పినా లేవలేదు. డెబ్భై ఏళ్ళ మనిషిని జీపు ముందు సీట్లో కూర్చోబెట్టారు ప్రతిమా దీ. రెండో రోజు పొద్దున మంచు విడుతుండగా, సాల చెట్ల మధ్యలోంచి నాలుగు ఏనుగులు వాగులోకి దిగాయి. నాయనమ్మ జీపు కడ్డీ పట్టుకుని లేచి నిలబడింది. అవి నీళ్ళు తాగి, పిల్ల మీద పోసి, మళ్ళీ గట్టెక్కి వెళ్ళిపోయే దాకా కూర్చోలేదు. దారంతా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. సాయంత్రం విశ్రాంతి బంగళా మెట్ల మీద నా పక్కన కూర్చుని, ఆ అడవి వైపే చూస్తూ అంది.

"రాత్రి రైలెక్కితే పొద్దున్నకల్లా వొచ్చేసినాం. ఇది ఇంత దగ్గిర్లో ఉందని ఇన్నేళ్ళూ నాకెవులూ సెప్పనేదే."